బేసిస్ట్ ఉన్న ఫ్రేమ్

పోయిన నెల ఒక అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అంకుల్, నేను గుర్తున్నానో లేదో, చిన్నప్పుడు నాన్నతో సౌండ్‌చెక్‌లకి వచ్చేదాన్ని. నాన్న పోయి మూడు వారాలైంది. స్టేజ్ మీద వాయిస్తున్న ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు, మీ దగ్గర ఏమైనా ఉంటే పంపిస్తారా" అని. వాళ్ళ నాన్న ఒక రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాడు, నేను అన్నా అనే పిలిచేవాణ్ణి కాబట్టి ఇక్కడ కూడా అన్న అనే రాస్తా. పోయాడన్న సంగతి నాకు ఆ మెసేజ్ చూశాకే తెలిసింది. ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయా. తర్వాత "ఉంటాయమ్మా, తప్పకుండా ఉంటాయి, వెతికి పంపిస్తా" అని రాశా.

ఉండకుండా ఎక్కడికి పోతాయి, ఆ బ్యాండ్‌ని 9 ఏళ్లలో 11 షోలు తీశాను, అదీ స్టేజ్‌కి ఆరడుగుల దూరంలో నిలబడి. ఆ రాత్రే అటక మీద నెగటివ్‌ల డబ్బాలు దించి దుమ్ము తుడిచి, కింద నుంచి వెలుగొచ్చే లైట్ బాక్స్ పెట్టుకుని కూర్చున్నా. ఒక పేజీకి 6 స్ట్రిప్పులు, స్ట్రిప్పుకి 6 ఫ్రేములు, అంటే పేజీకి ఒక రోల్ అన్నమాట. కన్ను లూప్‌కి, అంటే చిన్న భూతద్దానికి, ఆనించి ఒక్కో ఫ్రేమ్ చూసుకుంటూ వెళ్ళా. సింగర్. సింగర్. సింగర్. గిటారిస్ట్ మోకాళ్ళ మీద. సింగర్ మైక్ స్టాండ్ ఎత్తుతూ. మళ్ళీ సింగర్. రెండో షో, మూడో షో, ఐదో షో, తెల్లవారుజాము అయ్యేసరికి నాకు ఒళ్ళు చల్లబడింది. అన్న ఎక్కడా లేడు. ఉన్న చోట ఒక భుజం ఉంది, లేకపోతే ఫ్రేమ్ అంచులోంచి బేస్ కొన పొడుచుకొచ్చి ఉంది, లేకపోతే సింగర్ వెనకాల ఫోకస్ లేని ఒక నీడ, అది అన్నే అని నాకు తెలుసు కాబట్టి తెలుస్తోంది గానీ ఆ పిల్లకి పంపించి ఇదే మీ నాన్న అని ఎలా చెప్పను.

అసలు రాక్ షోలు తీసేవాళ్ళు ఎలా తీస్తారో చెప్తే గానీ ఇదెందుకు జరిగిందో అర్థం కాదు. పెద్ద షోలలో దాదాపు ప్రతిచోటా ఉండే రూల్, మొదటి 3 పాటలు మాత్రమే తీయాలి, ఫ్లాష్ వాడకూడదు. స్టేజ్‌కీ జనాన్ని ఆపే బ్యారికేడ్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, దాన్నే పిట్ అంటారు, అందులో మనతో పాటు ఇంకో పదిమంది ఫొటోగ్రాఫర్లు, సెక్యూరిటీ వాళ్ళు, వైర్లు. మూడో పాట అయిపోగానే భుజం తట్టి బయటికి పంపించేస్తారు. మూడు పాటలంటే పన్నెండు నిమిషాలు ఉంటే గొప్ప. పంక్ బ్యాండ్ అయితే ఆరేడు నిమిషాల్లో ఖతం. ఆ కాసేపట్లో పత్రికకి కావాల్సిన ఫొటో రావాలి, పత్రికకి కావాల్సింది ఎప్పుడూ సింగర్ మొహమే. దానికి తోడు షో బాగా వేడెక్కేది పదో పాట దగ్గర, చెమటకి చొక్కా ఒంటికి అంటుకునేది, గొంతు బొంగురుపోయేది, వాళ్ళు వాళ్ళని మర్చిపోయేది అప్పుడే. మనం తీసేది మాత్రం వాళ్ళు ఇంకా దువ్విన తలతో ఉన్నప్పుడు. ఈ రూల్ మీద నాకు ఇప్పటికీ కోపమే.

నేను మొదలుపెట్టిన రోజుల్లో అంతా ఫిల్మే. ట్రై-ఎక్స్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, వెలుగుని పట్టే వేగం 400, దాన్ని 1600 అన్నట్టు ఎక్స్‌పోజ్ చేసి, డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి కడిగేవాణ్ణి, పుష్ చేయడం అంటారు, రెండు స్టాప్‌ల పుష్, అంటే కావాల్సిన వెలుగులో నాలుగో వంతుతోనే నెట్టుకురావడం. చిన్న క్లబ్బుల్లో నాలుగు లైట్లు ఉంటే ఎక్కువ, అవి కూడా సింగర్ మీదే కొడతారు. ఎఫ్ 1.8 లెన్స్ పూర్తిగా తెరిచిపెట్టి సెకనుకి అరవయ్యో వంతు దగ్గర ఊపిరి బిగబట్టి నొక్కాలి. పుష్ చేస్తే వెలుగున్న చోట బొమ్మ పైకొస్తుంది, గ్రెయిన్ కూడా ఇసుక చల్లినట్టు పైకొస్తుంది, నాకు ఆ గ్రెయిన్ అంటే ప్రాణం, గిటార్ డిస్టార్షన్‌ని ఫొటోలో పెడితే అచ్చం అలాగే ఉంటుంది అనిపించేది. కానీ నీడలో ఉన్నది మాత్రం రాదు. అక్కడ ఫిల్మ్‌కి వెలుగే తగల్లేదు కదా, తగలని వెలుగుని ఎంతసేపు కడిగినా తేలేం. బేసిస్టులు ఎక్కడ నిలబడతారో చూడండి ఎప్పుడైనా, డ్రమ్స్ పక్కన, కాస్త వెనక, లైటు అంచులో. డ్రమ్మర్ అయితే సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేల వెనకాల, రైజర్ అనే ఎత్తు దిమ్మ మీద, మనకి పిట్‌లోంచి కనపడేది జుట్టూ రెండు మోచేతులూ. అందుకే 36 ఫ్రేముల రోల్‌లో వాళ్ళ మీద ఒక్కటి ఖర్చుపెట్టాలన్నా చెయ్యి వెనక్కి లాగేది.

వేరే బ్యాండ్ షో ఒకదాంట్లో అయితే మూడు పాటలూ తీశాక చూసుకుంటే ఫ్రేమ్ కౌంటర్ 36 దాటి 39 చూపిస్తోంది. గుండె ఆగినంత పనైంది. ఫిల్మ్ నాలిక స్పూల్‌కి సరిగ్గా పట్టుకోలేదు, కెమెరా ఉత్తుత్తినే తిరిగింది, ఒక్కటి కూడా పడలేదు. ఆ బ్యాండ్ మళ్ళీ కలిసి వాయించలేదు, అదే వాళ్ళ ఆఖరి షో. అప్పట్నుంచి మాన్యువల్ కెమెరాతో తీసిన ప్రతిసారీ లివర్ లాగినప్పుడు ఎడమవైపు రివైండ్ నాబ్ తిరుగుతోందా లేదా అని ఓరగా చూసుకునేవాణ్ణి, అది తిరిగితేనే లోపల ఫిల్మ్ కదులుతున్నట్టు. ఇప్పుడు డిజిటల్ కెమెరా పట్టుకున్నా అప్పుడప్పుడు నా ఎడమ చెయ్యి అటే వెళ్తుంది.

ఇక అసలు సంగతి. నాకు ఈ పని నేర్పింది అన్నే. మొదటి షో ఫొటోలు పట్టుకెళ్ళి బ్యాండ్ వాళ్ళకి చూపించా, అందరూ బాగున్నాయి బాగున్నాయి అన్నారు, అన్న మాత్రం ఒక్కో ప్రింట్ తిరగేస్తూ ఏం మాట్లాడలేదు. చివరికి ఒకటి తీసి నా ముందు పెట్టాడు. సింగర్ ఎగిరి కిందకి దిగిపోయాక తీసింది, పాదాలు నేల మీద ఉన్నాయి, జుట్టు మాత్రం ఇంకా గాల్లో ఉంది. "నువ్వు చూసి నొక్కుతున్నావురా" అన్నాడు. "చూడకుండా ఎలా నొక్కుతాను అన్నా?" అన్నా. "చూసేసరికి అయిపోతుంది. విని నొక్కు."

తర్వాతి సౌండ్‌చెక్‌కి రమ్మన్నాడు. ఖాళీ హాలు, బ్యారికేడ్ మీద మోచేతులు ఆనించి నా పక్కన నిలబడి, స్టేజ్ మీద డ్రమ్మర్ ఒక్కడే వాయిస్తుంటే, నా చేతి మీద వేలితో లెక్కపెట్టాడు. ఒకటి రెండు మూడు నాలుగు. ఒకటి రెండు మూడు నాలుగు. "కోరస్‌కి ముందు వీడు ఎప్పుడూ టామ్స్ మీద ఒక ఫిల్ వేస్తాడు, దడదడదడమని, విన్నావా, అదయ్యాక మళ్ళీ ఒకటి పడుతుంది చూడు, ఆ ఒకటి మీదే అందరం దిగుతాం, సింగర్ దూకినా గిటార్ వాడు చెయ్యి విసిరినా అంతా ఆ ఒకటి మీదే. ఫిల్ వినపడగానే ఊపిరి ఆపుకో. ఒకటికి కాస్త ముందు నొక్కు." ఇంకోటి కూడా చెప్పాడు, సింగర్ పాడుతున్నప్పుడు మైక్ నోటికి అడ్డం ఉంటుంది, లైన్ అయ్యాక ఊపిరి పీల్చుకోవడానికి మొహం మైక్ నుంచి రెండంగుళాలు పక్కకి జరుగుతుంది, పాట తెలిస్తే ఆ ఊపిరి ఎక్కడొస్తుందో తెలుస్తుంది, మొహం దొరికేది అక్కడే అని.

ఎస్ఎల్ఆర్ కెమెరా వాడినవాళ్ళకి ఒక విషయం తెలుసు, షట్టర్ తెరుచుకునే క్షణంలో అద్దం పైకి లేస్తుంది, వ్యూఫైండర్ నల్లగా అయిపోతుంది. అంటే ఫిల్మ్ మీద పడిన క్షణాన్ని మనం కంటితో చూడం. అబ్బ ఎంత బాగా ఎగిరాడు అని వ్యూఫైండర్‌లో చూశామంటే అది మనకి పడలేదనే లెక్క. అన్న చెప్పింది దీనికి సరిగ్గా సరిపోయింది. అప్పట్నుంచి షోకి ముందు వారం రోజులు ఆ బ్యాండ్ పాటలే వినేవాణ్ణి, ఫిల్ ఎక్కడ, బ్రేక్ ఎక్కడ, ఎక్కడ అంతా ఆగిపోయి గిటార్ ఒక్కటే మోగుతుంది, అన్నీ ఒంటికి పట్టేదాకా. సెట్‌లిస్ట్ ముందే దొరికితే పండగే. వేలు దానంతటదే నొక్కేది. రోల్‌కి ఒకటో రెండో బాగా వచ్చే చోట ఏడెనిమిది రావడం మొదలైంది.

ఇది నా ఒక్కడి అనుభవమేనేమో అనుకునేవాణ్ణి గానీ, హెన్రీ డిల్ట్జ్ గురించి చదివాక ధైర్యం వచ్చింది. 1969 వుడ్‌స్టాక్ మ్యూజిక్ ఫెస్టివల్‌కి అఫీషియల్ ఫొటోగ్రాఫర్ ఆయనే. కెమెరా పట్టకముందు ఆయన బాంజో వాయించే మనిషి, మోడర్న్ ఫోక్ క్వార్టెట్ అనే గ్రూప్‌లో పాడుతూ వాయిస్తూ తిరిగారు, తర్వాతే ఫొటోలు. ఆయన ఫొటోల్లో మ్యూజిషియన్లు ఎవరో కెమెరావాడు వచ్చాడని బిగుసుకుపోయి ఉండరు, తమవాడొకడు పక్కన కూర్చున్నట్టు ఉంటారు. ఎడ్ కారెఫ్ కథ ఇంకో రకం. 1967 జూన్‌లో మాంటెరే పాప్ ఫెస్టివల్‌లో గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ తన గిటార్‌కి నిప్పంటించి మోకాళ్ళ మీద కూర్చుని చేతులాడించే ఫొటో ఉంది కదా, ప్రపంచమంతా చూసిన ఆ ఫొటో తీసినప్పుడు ఆ అబ్బాయికి 17 ఏళ్ళు, హైస్కూల్లో చదువుతున్నాడు, స్టేజ్‌కి ఆనుకుని కుర్చీ మీద నిలబడి తీశాడు. ఈ కాలంలో అయితే 17 ఏళ్ల పిల్లాణ్ణి కుర్చీతో సహా బయట పెట్టేసేవాళ్ళు. పైగా గిటార్ తగలబెట్టింది షో చివర్లో, మూడు పాటల రూల్ ఉండుంటే ఆ ఫొటో లేదు.

కానీ ఆ రాత్రి లైట్ బాక్స్ ముందు కూర్చున్నప్పుడు నాకు పదేపదే గుర్తొచ్చింది పెన్నీ స్మిత్ అనే ఫొటోగ్రాఫర్. 1979 సెప్టెంబర్, న్యూయార్క్‌లో పల్లాడియం హాలు, ద క్లాష్ అనే పంక్ బ్యాండ్ షో. కాళ్ళు వెడల్పుగా పెట్టి, నడుం వంచి, గొడ్డలితో కట్టె కొట్టేవాడిలా గిటార్ ఎత్తి స్టేజ్‌కేసి బాదుతున్న మనిషి, మొహం కూడా కనపడదు. చాలామంది దాన్ని మామూలు గిటార్ అనుకుంటారు. అది బేస్. ఆయన పాల్ సైమనన్, ఆ బ్యాండ్ బేసిస్ట్. జనాన్ని సీట్లలోంచి లేవనివ్వడం లేదని ఒళ్ళు మండి విరగ్గొట్టారు. పెన్నీ స్మిత్ ఆ ఫొటో షార్ప్‌గా లేదని వద్దన్నారు, బ్యాండ్ సింగర్ జో స్ట్రమ్మర్ ఇదే కావాలని పట్టుబట్టి వాళ్ళ లండన్ కాలింగ్ ఆల్బమ్‌కి కవర్ చేయించారు. ఆ విరిగిన బేస్‌ని 2019లో మ్యూజియం ఆఫ్ లండన్‌లో ప్రదర్శనకి పెడితే జనం వెళ్ళి చూశారు. నన్ను పట్టుకున్నది ఫోకస్ సంగతి కాదు. ఆ క్షణంలో ఆవిడ కెమెరా బేసిస్ట్ వైపు తిరిగి ఉంది. నాది 11 షోలలో ఎన్నిసార్లు అటు తిరిగింది?

మధ్యలో కాలం చాలా మారింది, దాని గురించి ఎక్కువ రాయను. 2007లో నికాన్ డీ3 అనే డిజిటల్ కెమెరా వచ్చినప్పుడు ఐఎస్ఓ 6400 దగ్గర, అంటే ఫిల్మ్ లెక్కలో 6400 వేగం దగ్గర, తీసిన ఫొటో చూసి మా ఫిల్మ్ వాళ్ళం నోళ్ళు తెరిచాం, నీడలో ఉన్న మనిషి కూడా మనిషిలా కనిపించాడు మొదటిసారి. ఆ వెంటనే స్టేజ్‌ల మీదకి ఎల్ఈడీ లైట్లు వచ్చి ఆ సంతోషం సగం తీసేశాయి. పార్ అనే పాత స్టేజ్ లైట్లు పసుప్పచ్చగా మండేవి, లైటు ముందు రంగు జెల్ షీట్ వేసినా చర్మం చర్మంలా ఉండేది. ఎల్ఈడీ ఎరుపు వేస్తే అది ఒట్టి ఎరుపే. సెన్సర్‌లో నాలుగో వంతు పిక్సెల్సే ఎరుపుని చూసేవి, నీలానికీ అంతే, ఆ ఒక్క రంగే నిండి పొర్లిపోయి మొహం మీద కన్నూ ముక్కూ అన్నీ కలిసిపోయి ఎర్రటి ముద్దలా వస్తుంది. సగం తక్కువ ఎక్స్‌పోజ్ చేసి తర్వాత బ్లాక్ అండ్ వైట్‌కి మార్చుకోవడమే దారి. ఒప్పందాల గొడవ కూడా అప్పుడే పెరిగింది, పిట్‌లోకి వెళ్ళేముందు గేటు దగ్గర కాగితం పెట్టి సంతకం చెయ్యమంటారు, చదివితే మనం తీసిన ఫొటోల మీద హక్కులన్నీ వాళ్ళవే అని ఉంటుంది. ఒకసారి తొందరలో చదవకుండా పెట్టేశా, రెండేళ్ళ తర్వాత నా ఫొటో పోస్టర్ మీద చూశా, పేరు లేదు, నాకు ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు చదివి, నచ్చకపోతే కెమెరా బ్యాగ్‌లో పెట్టుకుని వెనక్కొచ్చేస్తా. అలా నాలుగు షోలు వదులుకున్నా, నాకేం బాధ లేదు.

చెవుల సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి పనికొస్తుంది, అన్న ఫొటోకీ దీనికీ కూడా సంబంధం ఉంది. పిట్‌లో మనం నిలబడేది స్పీకర్లకి ఎదురుగా. 100 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 15 నిమిషాలకి మించి ఉండొద్దని వర్క్‌ప్లేస్ సేఫ్టీ లెక్కలు చెప్తాయి, అక్కడ ఆ పైనే ఉంటుంది. నేను పదిహేనేళ్ళు ఉత్త చెవులతో నిలబడ్డా, వినాలి కదా, వినకపోతే ఎలా నొక్కుతాను అని నా వాదన. ఒక షో తర్వాత మొదలైన కూత ఆగలేదు. సన్నగా, పైస్థాయిలో, కుడి చెవిలో. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. డాక్టర్ దీన్ని టినిటస్ అంటారు, తగ్గే మందు లేదు, ఉన్నది ఇంకా పాడవకుండా చూసుకోమన్నారు. అప్పట్నుంచి ఫోమ్ ప్లగ్స్ పెట్టుకునే పిట్‌లోకి దిగుతున్నా.

ఫోమ్ ప్లగ్ పైస్థాయి శబ్దాన్ని ఎక్కువ ఆపుతుంది, కిందిస్థాయిని తక్కువ. అంటే సింబల్స్ ఎక్కడో దూరంగా వెళ్ళిపోతాయి, గొంతు మూసుకుపోతుంది, గిటార్ దుప్పటి కింద మోగుతున్నట్టు ఉంటుంది, మిగిలేది బేస్. ప్లగ్స్ పెట్టుకున్న మొదటి షోలో నాకు బేస్ లైన్ పాట మొత్తం విడిగా వినపడింది, చెవిలోంచి కాదు అసలు, బ్యారికేడ్ ఇనుములోంచి నడుంలోకి, అరికాళ్ళలోంచి మోకాళ్ళలోకి. పాటని మోస్తున్నది అదే అని అప్పుడు తెలిసింది. సింగర్ ఒక బీట్ తొందరపడినా డ్రమ్మర్ కర్ర జారినా అది మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. అన్న ఆ చివర నిలబడి పెద్దగా కదలకుండా ఏం చేసేవాడో అంతకాలం ముందు నిలబడ్డ నాకు అర్థం కాలేదు, అప్పటికి ఆ బ్యాండ్ కూడా లేదు, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పట్నుంచే మూడు పాటల్లో మొదటి పాట సగం నేను బేసిస్ట్‌కీ డ్రమ్మర్‌కీ ఇస్తున్నా. పత్రిక వాళ్ళు వేసుకోరు. బ్యాండ్ వాళ్ళకి పంపిస్తా.

సరే, ఆ నెగటివ్‌లు. రెండు రాత్రులు వెతికాక 11 షోలు అయిపోయాయి, ఏమీ లేదు. మూడో రాత్రి డబ్బా అడుగున ఒక కవర్, పైన నా చేతిరాతతో 'చెత్త' అని రాసి ఉంది. రోల్ చివర మిగిలిన ఫ్రేములు, పాటకీ పాటకీ మధ్య తీసినవి, లైట్లు ఆరిపోయినప్పుడు తీసినవి, పారేయడానికి మనసొప్పక కత్తిరించి దాచిన ముక్కలు. ఆ కవర్లో ఒక స్ట్రిప్, మూడే ఫ్రేములు, మధ్యది 22.

పాట అయిపోయింది, తర్వాతది ఇంకా మొదలవ్వలేదు. సింగర్ ఫ్రేమ్‌లో లేడు, మైక్ స్టాండ్ ఒంటరిగా ఉంది, వెనక డ్రమ్మర్ వంగి ఏదో తాగుతున్నాడు. సైడ్ లైట్ ఒక్కటే వెలుగుతోంది, అది సరిగ్గా అన్న మీద పడుతోంది, ఎవరూ కావాలని వేసింది కాదు. అన్న ట్యూన్ చేసుకుంటున్నాడు. జనం అరుపులకి తన తీగ తనకి వినపడక, బేస్‌ని పైకెత్తి దాని పై కొమ్ముకి దవడ గట్టిగా ఆనించి పెట్టాడు. అలా పెడితే తీగ అదురు చెక్కలోంచి ఎముకలోకి వస్తుంది, చుట్టూ ఎంత గోల ఉన్నా స్వరం లోపల వినపడుతుంది, స్టేజ్ మీద ట్యూనర్ పెడల్ లేనివాళ్ళు అలా చేసేవాళ్ళు. కుడి బొటనవేలు తీగ మీద ఉంది, ఎడమ చెయ్యి కీ మీద ఉంది, కళ్ళు మూసుకున్నాడు. కనుబొమల మధ్య చిన్న గీత. చంటిపిల్ల గుండె చప్పుడు వింటున్నట్టు ఉంది మొహం. ఆ ఫ్రేమ్ నేను ఎందుకు నొక్కానో ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు, రోల్ అవగొట్టడానికే నొక్కి ఉంటా.

స్కాన్ చేసి పంపించేయొచ్చు, పంపించలేదు. డార్క్‌రూమ్ సామాను ఏళ్ళ తర్వాత బయటికి తీశా, ఎన్‌లార్జర్ లెన్స్ తుడిచా, కొత్త పేపర్ తెప్పించా. నెగటివ్ పల్చగా ఉంది, బేస్ ఒంటి సగం నల్లటి చీకట్లో కలిసిపోయింది, దాన్ని తెచ్చే మార్గం లేదు, నేను ప్రయత్నించలేదు కూడా. ఎర్రలైటు కింద ట్రే ఊపుతుంటే ముందు చుట్టూ ఉన్న చీకటి పైకొచ్చింది, తర్వాత జుట్టు, చొక్కా మడతలు, మైక్ స్టాండ్. మొహం మీద వెలుగెక్కువ కాబట్టి అది అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. పేపర్ మధ్యలో తెల్లగా ఖాళీగా ఉంది. ట్రే ఊపుతూనే ఉన్నా. ముందు కనురెప్ప గీత, తర్వాత కనుబొమల మధ్య ఆ గీత, దవడ చెక్కకి నొక్కుకున్న చోట చర్మం కాస్త పైకి మడత పడింది, అది కూడా వచ్చింది. ఏడుపొచ్చేసింది నాకు. మూడు ప్రింట్లు వేశా, మూడోది బాగా వచ్చింది, అదే పంపించా, మిగతా రెండూ నా దగ్గరే పెట్టుకున్నా.

నాలుగు రోజులకి ఆ అమ్మాయి వాయిస్ నోట్ పెట్టింది. మొదట కాసేపు ఏం లేదు, ఊపిరి శబ్దమే. తర్వాత అంది, "అంకుల్, నాన్న ఇంట్లో కూడా ఇలాగే చేసేవాడు. చివర్లో చెవులు సరిగ్గా వినపడేవి కావు కదా, నేను కీబోర్డ్ ప్రాక్టీస్ చేస్తుంటే వచ్చి పక్కన కూర్చుని టేబుల్‌కి గడ్డం ఆనించి కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడేమో అనుకునేదాన్ని నేను."